వ్రాయదగినది ఎక్కడ నున్నది? : వెబ్‌సైటు రచనలకు స్వంత విషయమును వెదకుకొనుటను గూర్చి ఒక సమీక్ష

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నడుమ, వేములవాడకు వాయవ్యమున నున్న చందుర్తిలో చదువుకొన్న యువతి యొకతె తన పేర నొక వెబ్‌సైటును నెలకొల్పుకొనుట నేడు దుస్సాధ్యమైన కార్యము కాదు. దానికగు వ్యయము స్వల్పము. తెలుగు లిపిని వ్రాయుటకు వలసిన సాధనములు చేతిలోని ఫోనులోనే యున్నవి. కష్టమంతయు ఆ పిమ్మట మొదలగును. మొదటి పుటలో స్వాగతవచనము వ్రాసి, రెండవ పుటలో తన్ను గూర్చి నాలుగు మాటలు చెప్పుకొని, మూడవ పుట యెదుట ఆమె నిలిచిపోవును. ఇతరులు వ్రాయనిది, తాను వ్రాయగలిగినది, చదువువారికి ప్రయోజనమిచ్చునది యెక్కడ దొరకును? ఈ ప్రశ్నకు ఇంతవరకు వినవచ్చిన సమాధానములను ఒక్కొక్కదానినే యెత్తుకొని, వాని బలాబలములను తూచి, మన పల్లెపట్టున నిలిచి వ్రాయువారికి ఏది యుపకరించునో చూచుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ప్రశ్న వెబ్‌సైట్లతో పుట్టినది కాదు. పదునొకండవ శతాబ్దపు కాశ్మీరాలంకారికుడు మమ్మటుడు కావ్యోత్పత్తికి హేతువులను చెప్పుచు, సహజమైన శక్తిని, లోకమును శాస్త్రములను కావ్యములను పరిశీలించుటవలన గలుగు నైపుణ్యమును, తెలిసినవారి శిక్షణమున జరుగు అభ్యాసమును కలిపి చెప్పినాడు. ఈ మూటిలో మొదటిది మన చేతిలో లేదు. మూడవది కాలక్రమమున వచ్చును. విషయాన్వేషణమంతయు రెండవదానిలో నిమిడియున్నది. ఆ రెండవదానియందును అతడు లోకమును ముందు నిలిపి, శాస్త్రకావ్యములను తరువాత నిలుపుట గమనింపదగినది. నేటి రచయితలలో పెక్కుమంది ఈ వరుసను తలక్రిందులు చేసి, ఇతరుల పుటలను ముందు చదివి, మిగిలిన తీరికలో లోకమును చూచుచున్నారు. ఆలోచన లడుగంటుటకు మూలకారణము నాకిదియే యని తోచుచున్నది.

నేడు అధికప్రచారమున నున్న మొదటి సమాధానము, జనులు దేనిని వెదకుచున్నారో దానిని వ్రాయవలెననునది. ఏ పదమును ఎందరు గూగులులో వెదకిరో అంచనా కట్టి చెప్పు పరికరములు అనేకము కలవు. గూగులు సంస్థయే 2006 నుండి ట్రెండ్స్ అను పేర నట్టిదానిని అందించుచున్నది. ఈ మార్గమున సత్యము లేకపోలేదు. వరిలో మొగిపురుగు నివారణమును గూర్చియో, భూమి పట్టాలో పేరు మార్పును గూర్చియో పదిమంది అడుగుచుండగా, దానికి స్పష్టమైన తెలుగున సమాధానము వ్రాయుట సత్కార్యమే. కాని ఈ పరికరములు చూపునది ఇదివరకే ప్రశ్నగా రూపొందినదానిని మాత్రమే; ఎవరును అడుగనేర్వని విషయమును అవి చూపజాలవు. మఱియు తెలుగువారు అనేకులు తమకు వలసినదానిని ఆంగ్లాక్షరములతో వ్రాసి వెదకుదురు. లేదా నోటితో పలికి వెదకుదురు. లేదా వెదకక పొరుగువానినే అడుగుదురు. కావున చిన్న యూళ్ల విషయమున ఆ పరికరములు తరచుగా సున్న చూపును. సున్న చూచి వెనుకకు మరలినవాడు, పది వేలమంది వ్రాసినదానినే పది వేల యొకటవవాడై వ్రాయబోవును. లెక్క కందనిది లేనిది కాదు.

రెండవ సమాధానము అనుకరణము: ఇతరుల పుటలలో ప్రజాదరణ పొందినదానిని గ్రహించి మార్చి వ్రాయుట. దీనిని ఒక్కమాటతో నిందించి విడుచుట సులభమే గాని న్యాయము కాదు. ఏలయన పూర్వుల నుండి ఏమియు గ్రహింపని రచన లోకమున లేదు. తొమ్మిదవ శతాబ్దమున ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున ఈ విషయమునే విచారించి, ఒక రచన మఱియొకదానిని పోలుట మూడు విధములని చెప్పినాడు. అద్దములోని ప్రతిబింబమువలె నుండుట యొకటి, చిత్తరువువలె నుండుట యొకటి, ఇద్దరు మనుష్యులు ఒకరినొకరు పోలినట్లుండుట యొకటి. ప్రతిబింబమునకు తనదైన యాత్మ లేదు. చిత్తరువునకున్నను అది తుచ్ఛమైనది. కావున ఆ రెండును త్యాజ్యములు. మనిషిని పోలిన మనిషికి మాత్రము తన ప్రాణము తనకు కలదు. కావున ఆ పోలిక దోషము కాదు. మాటలు మార్చి, వాక్యములను ముందువెనుకలు చేసి, మూలవిషయమును యథాతథముగా నిలిపిన పుటలు నేటి తెలుగు వెబ్‌సైట్లలో ఎన్నియో యున్నవి. అవి ఆనందవర్ధనుని యద్దపు నీడలు.

ప్రాణమున్న పోలికకు దృష్టాంతము మన ప్రాంతముననే దొరకును. 2018 సంవత్సరమున కదలుచున్న కారు నుండి దిగి పాటకు నృత్యము చేయు 'కీకీ ఛాలెంజ్' అను వేడుక లోకమంతట వ్యాపించినపుడు, జగిత్యాల జిల్లా మల్యాల మండలములోని లంబాడిపల్లె యువకు లిద్దరు, అనిల్ గీల, పిల్లి తిరుపతి యనువారు, కారు లేకయే బురదపొలములో దున్నుచున్న యెడ్ల ప్రక్కన ఆడిరి. ఆ దృశ్యము దేశవిదేశములలో చూడబడినది. ఆట పరులది, పొలము, ఎడ్లు, బురద, ఆ యడుగులలోని హుషారు వారివి. వారు చేరియున్న 'మై విలేజ్ షో'ను శ్రీకాంత్ శ్రీరామ్ 2012లో ప్రారంభించినాడు. వ్యవసాయకూలి యగు మిల్కూరి గంగవ్వ అందులో కనిపించి, తన మాటతోడనే ప్రఖ్యాతి గాంచి, 2020లో బిగ్‌బాస్ వేదిక వరకు పోయినది. అది వెబ్‌సైటు కాదు, యూట్యూబు చానలు. అయినను విషయాన్వేషణపు ప్రశ్న యొక్కటే. ఆ ఊరివారు తమ కథలకొరకు నగరముల వంక చూడలేదు. పెండ్లి, పొలముపని, సర్పంచి యెన్నిక, పండుగ, అప్పు, అత్తాకోడండ్ర మాట, ఇవియే వారి భాండాగారము. ఊరికి సామాన్యమైనది పరులకు అపూర్వమగుననియు, ఊరివారికి అది తమదగుననియు వారి విజయము చెప్పుచున్నది.

మూడవ సమాధానము సంకలనము: చెదరియున్న సమాచారమును ఒకచోట చేర్చుట. తెలుగున దీనికి మహోదాహరణము 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియా. జీతము లేక, పేరు నాశింపక, తెలుగు రాష్ట్రములలోని వేలాది గ్రామములకు పుటలు కల్పించిన ఆ కార్యకర్తల శ్రమ మిక్కిలి గౌరవింపదగినది. ఆ గ్రామపుటలలో పెక్కు 2011 జనాభా లెక్కలపై నాధారపడినవి. జనసంఖ్య, బడి యెంత దూరము, వైద్యశాల యెంత దూరము, సాగుభూమి యెంత యను వివరములు వానిలో నుండును. కాని విజ్ఞానసర్వస్వమునకు ఒక కట్టుబాటు కలదు: ఇదివరకే ప్రకటింపబడి, ఆధారము చూపదగినదే అందులో చేరును, మౌలిక పరిశోధనమునకు అచ్చట తావులేదు. ఈ కట్టుబాటు అవసరమైనదే. అయినను దాని ఫలముగా, ఒక ఊరి పుటను మఱియొక ఊరి పుటనుండి వేరుచేయునది తరచుగా అంకెలు మాత్రమే యగుచున్నవి. విజ్ఞానసర్వస్వము ఎచ్చట ఆగునో అచ్చటనే స్వంత వెబ్‌సైటు పని మొదలగును. చందుర్తి యను మాటను వెదకి, పటమును, పిన్‌కోడును, వాతావరణమును, అంకెలను దాటి, ఏది కనబడుటలేదో ఒక కాగితముపై వ్రాసికొనుట విషయాన్వేషణమునకు శ్రేష్ఠమైన తొలి సాధన.

నాలుగవ సమాధానము మిక్కిలి నవీనమైనది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ లోకమునకు వచ్చిన పిదప, విషయమును సూచించుటను, వ్రాయుటను గూడ యంత్రమునకే అప్పగించువారు పెరిగిరి. ఈ యంత్రములు ఇదివరకే వ్రాయబడిన అపార వాఙ్మయమునుండి నేర్చినవి. అందువలన నలుగురు ఎరిగినదానిని నీటుగా కూర్చి చెప్పుటలో వాని కొక నేర్పు కలదు. వ్రాతలోనికి ఎన్నడును ఎక్కనిదానిని అవి తెలిసికొనుట కవకాశము లేదు. చందుర్తి మండలములోని యొక కుంటకు ఆ పేరు ఏల వచ్చినదో ఎవరును వ్రాసి పెట్టకున్న, యంత్రము చెప్పునది ఊహయే యగును. ఊహ చక్కని వాక్యముల ధరించి వచ్చినపుడు అబద్ధముకంటె ప్రమాదకరము. వానిచేత ప్రశ్నల పట్టికను వ్రాయించుకొనవచ్చును; సమాధానములకు మాత్రము కుంటకట్ట మీదికి పోవలసినదే.

ఇట నుండి మన పూర్వులు చూపిన మార్గములను పరిశీలింతము. తెలంగాణమున కవులు లేరను మాట యొకటి పుట్టినపుడు, 1926 నుండి గోలకొండ పత్రికను నడపుచుండిన సురవరము ప్రతాపరెడ్డిగారు ఆ మాటకు ఖండనవ్యాసముతో తృప్తిపడలేదు. ఊరూరి నుండి కవితలను రప్పించి, 354 మంది కవుల రచనలతో 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించిరి. లేనిది కవులు కాదు, వెదకు చూపు. నేడు అంతర్జాలమున మన ఊరిని గూర్చి ఏమియు లేదని నిట్టూర్చువారికి ఆ సంచిక యిప్పటికిని ప్రత్యుత్తరము.

అంతకంటె పూర్వపు పాఠము శిలపై నున్నది. కరీంనగర్ జిల్లా గంగాధర మండలములోని కురిక్యాల చెంత, బొమ్మలమ్మగుట్ట మీద, పదవ శతాబ్దమున జినవల్లభుడు చెక్కించిన శాసనము కలదు. వేములవాడ చాళుక్యప్రభువు అరికేసరి యాశ్రయమున కన్నడమున మహాకావ్యము రచించిన పంపకవికి అతడు తమ్ముడు. సంస్కృతమున, కన్నడమున, తెలుగున వ్రాయబడిన ఆ శాసనములోని మూడు కందపద్యములు, మనకు లభించిన ప్రాచీన కందపద్యములలో చేరినవి. అతడు ఆ రాతిపై నిలిపినది తన వంశము, తన యన్న కీర్తి, తాము నిర్మించిన జినాలయము, చెరువు, తోట. చక్రవర్తుల దిగ్విజయముల జోలికి పోక, తాను దగ్గరనుండి యెరిగినదానిని సాక్షిగా నిలిచి చెప్పినాడు. అందుచేతనే వేయేండ్ల పిదప చరిత్రకారులు ఆ రాతిని వెదకుకొనుచు గుట్ట యెక్కిరి.

క్షేత్రమునకు పోయి మాటలను సేకరించు పద్ధతికి మన భాషలో భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశము గొప్ప నిదర్శనము. వ్యవసాయపదములతో తొలి సంపుటము 1962లోను, చేనేతపదములతో రెండవ సంపుటము 1971లోను వెలువడినవి. నిఘంటువులను చూచి నిఘంటువు వ్రాయక, రైతును, నేతగానిని అడిగి, ఒక్కొక్క పనిముట్టునకు ప్రాంతమును బట్టి యేమేమి పేళ్లున్నవో నమోదు చేయుట ఆ కృషిలోని విశేషము. ఇట్టి దృష్టియే నేటి అంతర్జాలమున పి. సాయినాథ్‌గారు 2014 డిసెంబరులో నెలకొల్పిన గ్రామీణభారత ప్రజాభాండాగారము 'పరి'లో కనబడును. అందు మహారాష్ట్ర స్త్రీలు తిరుగలి విసరుచు పాడిన పాటలను, లక్షకు మించిన సంగ్రహమునుండి, పాడినవారి పేళ్లతో, ఊళ్లతో క్రమముగా ప్రకటించుచున్నారు. విసురురాయి మన యిండ్లలోను తిరిగినదే. ఆ పాటలను పాడగల తల్లులు మన ఊళ్లలో నానాట తగ్గిపోవుచున్నారు.

ఈ మార్గమున చందుర్తి పరిసరములను చూచినచో, విషయమునకు కొరత యనుట అసంగతమని తెలియును. చెరువు నొక్కదానిని తీసికొందము. కట్ట, తూము, మత్తడి, శిఖము, ఆయకట్టు, నీటిని వంతులు వేసి పారించిన నీరటి, మత్తడి దూకిన నాటి యూరి సంబరము: ఇందు ప్రతి మాటయు ఒక పుట. ఇంటిలోని పాత పెట్టె తెరచిన 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు దొరకవచ్చును. అందులోని పొలముల పేళ్లను తాతకు చదివి వినిపించినచో ఒక్కొక్క పేరు వెనుక ఒక కథ లేచును. బీడీలు చుట్టు స్త్రీల చేతిలో తునికాకు, కత్తెర, చాట, దారము నడచు క్రమమును ఆ పని తెలియనివారికి అర్థమగునట్లు వ్రాయుట ఒక శాస్త్రగ్రంథమునకు తక్కువైనది కాదు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల నుండి గల్ఫు దేశములకు పోయిన వేలాది మంది వ్రాసిన ఉత్తరములు, తమ గొంతు నింపి యింటికి పంపిన టేపు క్యాసెట్లు, ఎడారిలో వారు చేసిన పనుల వివరములు, ఇంటివద్ద మిగిలినవారి నిరీక్షణము, ఇవి యొక తరమునకు చరిత్ర. మధ్య మానేరు జలాశయమున మునిగిన ఊళ్ల వారు వీధులు, గుడి, బడి, వేపచెట్టు ఎక్కడెక్కడ నుండెనో ఇంకను చెప్పగలరు. ఆ జ్ఞాపకములతో గీయు పటము మఱి యే కార్యాలయమునను దొరకదు. ప్రభుత్వపటములో ఆ చోట నీలిరంగు మాత్రమే కనబడును.

ఈ ప్రాంతముననే యున్న హనుమాజిపేట యను ఊరి విషయము మఱియు ఆలోచింపజేయునది. విశ్వంభర కావ్యమునకు జ్ఞానపీఠపురస్కారము నందుకొనిన సి. నారాయణరెడ్డిగారు 1931లో జన్మించినది ఆ ఊర. ఒగ్గుకథను దేశమునకు వినిపించిన మిద్దె రాములుగారిదియు ఆ ఊరే. అచ్చైన కావ్యములు గల కవిని గూర్చి పుటలకు పుటలు లభించును. గొంతునే పుస్తకముగా జేసికొనిన కళాకారుని గూర్చి లభించునది దానితో పోల్చిన మిక్కిలి స్వల్పము. వ్రాతగల విద్యకును, వ్రాతలేని విద్యకును నడుమ నున్న ఈ వ్యత్యాసమే కొత్త రచయితకు దారిచూపు దీపము. ఎచ్చట జ్ఞానమెక్కువయై, వ్రాత తక్కువయై యున్నదో అచ్చట తవ్వవలెను.

అయితే ఈ మార్గమునకు ధర్మములు కలవు. ఇతరుల జీవితమును విషయముగా గ్రహించునపుడు వారి యనుమతి ముందు రావలెను. వారు చెప్పవద్దనిన మాట ఎంత మనోహరమైనను విడువవలెను. అప్పులు, రోగములు, కుటుంబకలహములు రచయితకు సామగ్రి కావు, అవి వారి గౌరవమునకు సంబంధించినవి. పాట పాడినవారి పేరు, వారు కోరినచో, తమ పేరుకంటె ముందు నిలుపవలెను. ఒకరు చెప్పినదానిని ఇంకొక యిద్దరి యొద్ద విచారించి, భేదమున్న ఆ భేదమును గూడ వ్రాయవలెను. ఊరి గొప్పను చాటవలెనను నుత్సాహమున ఆధారము లేని ప్రాచీనతను అంటగట్టుట మన స్థలపురాణములలో తరచుగా జరిగిన పొరపాటు. అది ఊరికి మేలు చేయదు. పాతదానినే వ్రాయవలెనను నియమమును లేదు. నేడు పత్తికి, మొక్కజొన్నకు, వరికి నడుమ రైతు దేనిని బట్టి నిర్ణయము చేయుచున్నాడో అడిగి వ్రాసినది, ఇరువదియేండ్ల పిదప అమూల్యమైన సాక్ష్యమగును.

ఆలోచనలు ఊటవలె నిలువవలెనన్న అభ్యాసము కావలెను. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపురి నుండి కాశికి బయలుదేరి, మజిలీ మజిలీలో చూచినదానిని, దారిని, నీటివసతిని, అంగళ్లను, ఆచారములను నాటికి నాడు వ్రాసికొనిరి. అది 1838లో కాశీయాత్రచరిత్రగా అచ్చైనది. ఆయనకు గొప్ప విషయము దొరకవలెనను తపన కనబడదు. నాటి దినమున చూచినదానిని నాడే వ్రాయవలెనను నిష్ఠ కనబడును. బస్సులో విన్న సామెతను, అంగడిలో విన్న కొత్త మాటను, తనకు అర్థము కాని ఆచారమును రోజున కొకటి చొప్పున చీటిపై వ్రాసికొనువారికి, ఏడాది తిరుగునప్పటికి మూడువందల అరువదియైదు బీజములు చేతిలో నుండును. వానిలో ముప్పది మొలచినను చాలును.

చివరకు, వ్రాసినదానిని ఏమి చేయవలెను? ప్రకటించుటకు ముందు, ఎవరి నడిగి తెలిసికొంటిమో వారికి చదివి వినిపింపవలెను. సిరిసిల్ల నేతను గూర్చి వ్రాసిన యువతి మరమగ్గములగు సాంచాలు గలవానిని యజమాని యని వ్రాసి, ఆ వాక్యమును ఒక వృద్ధ నేతకార్మికునికి చదివి వినిపించినదనుకొందము. "గట్ల కాదు బిడ్డా, సాంచాలున్నోడు ఆసామి, నూలిచ్చి బట్ట తీస్కపోయేటోడు యజమాని" అని ఆయన దిద్దును. ఆ ఒక్క దిద్దుబాటులో ఒక పరిశ్రమయొక్క నిర్మాణమంతయు బయటపడును: నూలు ఎవరిది, యంత్రము ఎవరిది, కూలి ఎవరు నిర్ణయింతురు, నష్టము ఎవరి తలపై పడును, 2017లో ప్రభుత్వపు బతుకమ్మ చీరెల పని వచ్చినప్పుడు ఎవరికి ఎంత మారినది? ఆమె వ్రాసినది ఒక వ్యాసము. ఆయన దిద్దినందున ఎదుట నిలిచినవి అయిదు. మూడవ పుట యెదుట చేష్టలుడిగి నిలిచిన ఆమెకు కావలసినది ఈ దిద్దుబాటే. తెలిసినవారి యెదుట కూర్చుండి, తన పొరపాటును వారిచేత చెప్పించుకొనగల వినయము ఉన్నంతవరకు ఆమెకు వ్రాయదగినది తరుగదు.